ఆస్ట్రేలియా తిరునాళ్ళకి మా ఇంటి సింహం

నాకు అసూయ ఎక్కువ. ఆ మాట ముందే చెప్పేయడం మంచిది. మలేసియా వెళ్ళొచ్చినవాళ్ళు ఎత్తైన మేడల గురించీ, గుంత లేని రోడ్ల గురించీ రాస్తారు. నేనూ అవన్నీ చూశాను గానీ ఒక్కదాన్నీ చల్లని మనసుతో చూడలేదు. కాబట్టి ఈ కథనం చదివి ఆ దేశం గురించి ఒక అభిప్రాయానికి వచ్చేముందు నా కడుపుమంట కాస్త తీసేసి లెక్కేసుకోండి.

మాది విజయనగరం. తాతల నాటి నుంచీ నాటకాలకి తెరలు వేసే ఇల్లు. దర్బారు తెర, కోటగుమ్మం తెర, అడవి తెర, ఇలా ఏది కావాలన్నా మా వీధికే వచ్చేవాళ్ళు. ఇప్పుడు ఫ్లెక్సీ వచ్చి కూర్చుంది. పొద్దున ఫోన్లో బొమ్మ పంపితే సాయంత్రానికి కోటగుమ్మం చేతికొస్తుంది. నేను పెళ్ళిమండపాలకి వెనకగోడలు వేసుకుంటూ బతుకుతున్నాను.

మా తాతకి ఒక తమ్ముడుండేవాడు. రబ్బరు తోటల్లో పనికని ఓడెక్కి మలయా, అంటే ఇప్పటి మలేసియా, వెళ్ళిపోయి మరి తిరిగి రాలేదు. ఆయన మనవడు అప్పలసామి, వరసకి నాకు తమ్ముడు. వాడికి అక్కడ కువాలా సెలంగోర్‌లో బొమ్మల షెడ్డు ఉంది. వాడు వేసేది ఎవరికో తెలుసా? ఆస్ట్రేలియా వాళ్ళకి. అక్కడ కొన్ని ఊళ్ళలో ఏడాదికోసారి ఒక తిరునాళ్ళ చేస్తారట. జనం మధ్యయుగాల యూరపు వేషాలు కట్టి, ఇనుప చొక్కాలు తొడుక్కుని, గుర్రాలెక్కి బల్లేలతో ఆడతారట. ఆ డాళ్ళూ, జెండాలూ, గుమ్మానికి కట్టే పెద్ద గుడ్డలూ మా అప్పలసామి షెడ్డులోంచి ఓడెక్కుతాయి.

అంతవరకే అయితే ఓర్చుకునేవాణ్ణి. ఏటా వాణ్ణి టిక్కెట్టిచ్చి మరీ అక్కడికి పిలిపించుకుంటారు, బొమ్మకి కళ్ళు తెరవడానికి.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. దేవుడి బొమ్మకైనా, తెర మీది సింహానికైనా పనిచేసిన చోట కళ్ళు పెట్టకూడదు. అది నిలవబోయే చోటికి తీసుకెళ్ళి, కట్టి, నిమ్మకాయ కోసి, అప్పుడు ఇంటికి పెద్దవాడు కళ్ళు పెట్టాలి. మా నాన్న పోయాక మా ఇంట్లో ఆ పద్ధతి దానంతటదే ఆగిపోయింది. ఫ్లెక్సీలో కళ్ళు ముందే ఉంటాయి కదా.

అప్పలసామి ఫోను చేశాడు. "అన్నియ్యా, ఈసారి శానా పెద్ద సింహం అడిగినారు. నా నడుము సరిగా లేదు, నిచ్చెనెక్కలేను. నువ్వొచ్చి ఎయ్యి. ఆ తిరునాళ్ళ సేయించే మార్గరెట్ అమ్మగారు సూడ్డానికి వొత్తాది. ఆవిడికి నచ్చితే కళ్ళు ఎట్టడానికి ఈపాలి ఆస్ట్రేలియా నువ్వే ఎల్దువు లా."

వాక్యం చివర 'లా' అనడం అక్కడి మలయా మాటల అలవాటు. నేను మాత్రం ఆస్ట్రేలియా అనే మాట దగ్గరే ఆగిపోయాను.

క్లాంగ్‌లో అరిటాకు

విమానం దిగగానే అప్పలసామి తన కారులో ఎక్కించుకుని క్లాంగ్ తీసుకెళ్ళాడు. కారు వాడిదే. అప్పు కూడా తీరిపోయిందట. నేను అడక్కుండానే చెప్పాడు.

క్లాంగ్‌లో మనవాళ్ళ వీధి ఒకటుంది. వీధి పొడుగునా మల్లెపూల దండలు, చీరల కొట్లు, తమిళ పాటలు. మా ఊరి ఒకటో నంబరు బజారుని కడిగి, ఇస్త్రీ చేసి పరిచినట్టుంది. అక్కడ అరిటాకు భోజనం చేశాం. పన్నెండు రింగిట్లు. మన డబ్బుల్లోకి మార్చుకోవద్దని అప్పలసామి ముందే చెప్పాడు గానీ నేను మార్చుకున్నాను, దాంతో మొదటి ముద్ద సయించలేదు. కాకరకాయ వేపుడు మాత్రం అమోఘం. పలచగా తరిగి, కరకరలాడేలా వేయించారు. మా ఇంట్లో ఎన్నేళ్ళుగా అడుగుతున్నా అలా కుదరలేదు.

తిని లేచి చెయ్యి కడుక్కొచ్చేసరికి వడ్డించినావిడ నా ఆకు దగ్గర ముఖం మాడ్చుకుని నిలబడి ఉంది. ఆవిడ తమిళంలో ఏదో అడిగింది. అప్పలసామి నవ్వు ఆపుకుంటూ చెప్పాడు.

"ఆకు నీ వొంకకి మడవాల అన్నియ్యా. అలగ మడిత్తే కూడు బాగున్నట్టు. నువ్వు తెరిసి ఒగ్గేసినావు, ఏటి బాగోనేదని అడగతంది."

నేను వెనక్కి వెళ్ళి ఆకుని నా వైపు మడిచాను. ఆవిడ మొహం విప్పారింది. మా ఊళ్ళో తిన్న ఆకు గురించి ఎవరూ ఇంత పట్టించుకోరు. ఈ దేశంలో ఆకు మడత మీద కూడా ఇంత శ్రద్ధేమిటని ఒళ్ళు మండింది.

బటాంగ్ బెర్జుంటై

మర్నాడు అప్పలసామి బటాంగ్ బెర్జుంటైలో మా చిన్నతాత పనిచేసిన తోట చూపిస్తానని తీసుకెళ్ళాడు. రబ్బరు చెట్లు ఎప్పుడో కొట్టేశారు. ఇప్పుడు ఎటు చూసినా పామాయిలు. చెట్ల కింద పట్టపగలే చీకటి, తడి ఆకుల వాసన. కూలీలకి వరసగా కట్టిన లైను ఇళ్ళు కొన్ని మిగిలి ఉన్నాయి. ఒక ఇంటి ముందు బల్ల మీద కూర్చున్న పెద్దాయన మమ్మల్ని చూసి కాఫీ పెట్టించాడు. నల్ల కాఫీ. అందులో పంచదార ఎంతుందంటే చెంచా నిలబడిపోతుందనిపించింది.

ఆయన నా ఊరు అడిగాడు. విజయనగరం అన్నాను.

"మా తాతది సీపురుపల్లి," అన్నాడు. "నానెప్పుడూ సూడనేదు. నువ్వు సూసినావేటి?"

చూశానన్నాను. చాలాసార్లు బస్సులో దాని మీదుగా వెళ్ళాను.

"అలగేటి," అని ఆయన నన్ను చాలాసేపు చూశాడు. ఆ చూపేమిటో నాకు తెలుసు. ఈ ప్రయాణం మొత్తంలో నన్ను చూసి అసూయపడింది ఆయనొక్కడే. నిజం చెప్పొద్దూ, నాకు హాయిగా అనిపించింది. కాఫీ మొత్తం తాగేశాను.

ఆయన మనవరాలు గుమ్మంలో నిలబడి అన్నీ వింటోంది. తెలుగు అర్థమవుతుందట గానీ మాట్లాడదు. తాత తెలుగులో అడిగితే తను తమిళంలో జవాబిస్తుంది. ఇద్దరికీ ఏ ఇబ్బందీ లేదు.

కోట గుట్ట మీద కోతులు

కువాలా సెలంగోర్‌లో ఒక గుట్ట ఉంది. దాని మీద పాత కోట తాలూకు గోడలూ, ఫిరంగులూ. పెద్ద కోటేమీ కాదు. మా విజయనగరం కోట బురుజు పక్కన నిలబెడితే ప్రహరీగోడ అనుకుంటారు. కానీ ఎంత పొందిగ్గా ఉంచారని. గడ్డి కత్తిరించి, మెట్లు కడిగి, ఫిరంగులకి నల్లరంగు వేసి పెట్టారు. మా వైపు కోటల్లో పిచ్చిమొక్కలు మొలిచి, గోడల మీద ప్రేమికులు పేర్లు చెక్కుకున్న సంగతి గుర్తొచ్చి మనసు చివుక్కుమంది.

గుట్ట మీద బూడిదరంగు కోతులు ఉంటాయి. వాటి పిల్లలు మాత్రం నారింజపండు రంగు. అవి బుద్ధిగా వచ్చి చేతిలోది అందుకుని వెళతాయి. రెండోరకం కోతులూ ఉంటాయి, వాటికి మన వైపు కోతుల బుద్ధే. నేను కాగితం పొట్లంలో అరటిపండు బజ్జీలు పట్టుకుని ఫిరంగి చూస్తుండగా ఒకటి వచ్చి పొట్లం లాక్కుని, ఫిరంగి మీదే కూర్చుని తినేసింది. చుట్టూ ఉన్నవాళ్ళు ఫొటోలు తీసుకున్నారు. ఇప్పటికీ ఎవరి ఫోన్లోనో నేను నోరు తెరుచుకుని ఉంటాను.

షెడ్డులో

అప్పలసామి షెడ్డు ఊరి చివర, పామాయిలు తోటకి ఆనుకుని ఉంటుంది. లోపల అడుగుపెట్టి తలెత్తి చూశాను. ఒక గోడ నిండా డాళ్ళు. సింహాలు, గద్దలు, రెక్కల పాములు, ఒంటికొమ్ము గుర్రాలు. ఒక డాలు మీద కంగారూ రెండు కాళ్ళ మీద నిలబడి కత్తి పట్టుకుని ఉంది. ఇనుప డబ్బాలాంటి టోపీ పెట్టుకున్న మనిషి బొమ్మ ఇంకో డాలు మీద ఉంది. వాడు వాళ్ళ దేశపు బందిపోటట. ఇనుము తొడుక్కుని పోలీసులతో పోరాడాడట. వాణ్ణి కూడా పాతకాలపు వీరుడి పక్కనే నిలబెట్టి బొమ్మలేసుకుంటారని అప్పలసామి చెప్పాడు. ఆ గోడ మీద ఒక్కదానికి కూడా కళ్ళు లేవు.

"మొదుటి ఆర్డరు పంపినప్పుడు కళ్ళు ఎట్టకుండానే పంపేసినాను," అన్నాడు అప్పలసామి. "మన పద్ధతి అదే కదా. ఆలకి సెప్పాలని తోచనేదు. అమ్మగారు ఫోను సేసి, బొమ్మలకి కళ్ళు మర్సిపోనారు, డబ్బులు ఎనక్కియ్యండంది. మర్సిపోనేదమ్మా, నానొచ్చి ఎడతాను అన్నాను. ఆవిడ నవ్వింది. నవ్వి టిక్కెట్టు పంపింది."

అక్కడికెళ్ళి వాళ్ళ గుమ్మం ముందు నిమ్మకాయ కోసి, పసుపునీళ్ళు చల్లి, అందరూ చూస్తుండగా వీడు సింహానికి కళ్ళు పెట్టాడట. ఇనుప చొక్కాల జనం చప్పట్లు కొట్టారట. మరుసటి ఏడు వాళ్ళ తిరునాళ్ళ కాగితంలో అచ్చేశారు, 'ప్రాచీన ఆచారం ప్రకారం నేత్రోత్సవం' అని. ఇంగ్లండు నుంచి వచ్చిన ఆచారమనే అక్కడ చాలామంది అనుకుంటున్నారు. మా తాతలు అడ్డపంచె కట్టుకుని చేసిన పని ఇప్పుడు వాళ్ళ మధ్యయుగంలో కలిసిపోయింది.

వాడు నవ్వుతూ చెబుతుంటే నేనూ నవ్వాను. లోపల మాత్రం ఏదో కాలుతోంది. మేం వదిలేసింది వీడికి ఎలా మిగిలింది? ఓడెక్కి వెళ్ళిపోయినవాడు మూటలో కట్టుకుపోయి దాచుకున్నాడు. అన్నీ ఉన్న ఊళ్ళో ఉండి మేం పారేసుకున్నాం.

ఆ రోజు నుంచీ పనిలో పడ్డాను. గుడ్డ ఇంటి ముఖద్వారమంత ఎత్తు కాదు, ఇంటంత ఎత్తు. సింహం వెనక్కాళ్ళ మీద లేచి నిలబడాలి, నాలుక బయట పెట్టాలి. సర్కసు సింహంలా ఇదేమిటని మొదట విసుక్కున్నాను. గీత గీయడం మొదలెట్టాక చెయ్యి ఊరుకోలేదు. జూలు ఒక్కొక్క పాయా విడదీసి వేశాను. గోళ్ళకి నీడ పెట్టాను. పార్వతి, అంటే అప్పలసామి భార్య, మధ్యాహ్నం అన్నం తెచ్చి నిచ్చెన కింద నిలబడి పిలిచేది.

"బావగారూ, సాపాటు ఆరిపోతంది. దిగండి లా. సింగం ఎక్కడికీ పోదు."

ఎండబెట్టిన చిన్నచేపలు వేసి కొబ్బరిపాలలో వండిన కూర పెట్టేది. పక్కన మన గోంగూరే, అక్కడ పెరట్లో పెంచింది. నేను తింటూ కూడా సింహం వైపే చూసేవాణ్ణి. చాలా ఏళ్ళ తర్వాత నేను వేసిన మంచి బొమ్మ అది. రంగు ఆరుతున్నకొద్దీ నాకు ఆస్ట్రేలియా ఇంకా దగ్గరగా కనిపించేది. ఆ గుమ్మం ముందు నేను నిచ్చెనెక్కడం, కింద జనం తలలెత్తి చూడడం, అన్నీ ఊహించేసుకున్నాను.

"నీ సెయ్యి మా తాత సెయ్యే అన్నియ్యా," అన్నాడు అప్పలసామి ఒకనాడు. వాడికి నా మీద పిసరంత అసూయ లేదు. అదే నాకు మరీ కష్టంగా ఉంది.

మార్గరెట్ గారు

ఆవిడ అరవై దాటిన మనిషి. ఎండకి కందిన ముఖం, మోకాళ్ళ వరకు నిక్కరు. వాళ్ళ ఊరి గ్రంథాలయంలో పనిచేసి రిటైరయ్యారట. షెడ్డులోకి వచ్చి సింహాన్ని చూసి, టోపీ తీసి చేత్తో పట్టుకున్నారు.

తర్వాత టీ తాగుతూ వాళ్ళ ఊరి గురించి చెప్పారు. చుట్టూ గొర్రెల మేత భూములు. చర్చిలో రంగుటద్దాల కిటికీ ఉంది. అందులో పాతకాలపు వీరుడు యూకలిప్టస్ ఆకుల మధ్య నిలబడి ఉంటాడు. పిల్లల పుస్తకాల్లో ఎండిపోయిన ఏట్లో దాక్కునే రెక్కల పాము కథలుంటాయి. బ్యాంకు కట్టినవాడు కూడా దానికి కోటబురుజు పెట్టాడట. ఆ నేల మీద ఆ కాలపు కోట ఒక్కటీ లేదు. అసలు ఆ కాలంలో ఆవిడ తాతలెవరూ అక్కడ లేరు. మరి ఎందుకింత మోజు అని అడగమన్నాను. అప్పలసామి అడిగి, ఆవిడ జవాబు నాకు చెప్పాడు.

"ఇంగ్లండు నించి వొచ్చినోళ్ళు గుర్తుకి తెచ్చుకున్నారట. ఇప్పుడా గుర్తు ఈళ్ళదే అయిపోనాదట. ఏసం కట్టిన రోజు ఊరంతా ఒక సోట కూడతారట. నేకపోతే ఒకరి మొగం ఒకరు సూడరంట."

నాకు మా కోట గోడలు గుర్తొచ్చాయి. రాళ్ళు మా దగ్గర, మోజు వాళ్ళ దగ్గర. అన్యాయం అనిపించింది.

అప్పుడు అప్పలసామి నా మాట ఎత్తాడు. ఈసారి కళ్ళు తెరవడానికి మా అన్న వస్తాడని చెప్పాడు. ఆవిడ కప్పు కింద పెట్టి, చాలా మర్యాదగా ఏదో చెప్పారు. అప్పలసామి ముఖం చూసి నాకు సగం అర్థమైంది.

"ఈపాలి ఎవుర్నీ పిలవడం నేదంట అన్నియ్యా. ఆలు నేర్సుకున్నారంట. ఊళ్ళో అందరి పేర్లూ సీటీలేసి తీసినారు. బస్సు తోలే ఆయన పేరొచ్చిందంట. నిమ్మకాయీ ఆయనే కోత్తాడంట."

బస్సు డ్రైవరు. నా సింహానికి. జూలులో పాయ పాయా విడదీసి వేసిన నా సింహానికి, బ్రష్షు పట్టని చెయ్యి కళ్ళు పెడుతుంది.

నేను లేచి బయటికి వచ్చి పామాయిలు చెట్ల దగ్గర నిలబడ్డాను. విమానంలో కిటికీ సీటు పోయినట్టు, ఎవరో ఇంట్లో దూరి సామాను ఎత్తుకుపోయినట్టు, చిన్నపిల్లాడిలా ఏడవాలనిపించింది. అప్పలసామి వెనకాలే వచ్చాడు.

"పద్ధతికి ఇంటి పెద్ద ఎట్టాల. నువ్వే పెద్ద," అన్నాడు. "ఎట్టీ ఇక్కడే. నాను అమ్మగారికి సెప్పుకుంటాను."

"నిలవబోయే చోటే కదా పెట్టాలి?"

"ఆ పద్ధతి నీకు గుర్తుందా అన్నియ్యా," అన్నాడు వాడు. ఎగతాళిగా అనలేదు. నిజంగా సంతోషించి అన్నాడు.

లోపలికి వెళ్ళేసరికి మార్గరెట్ గారికి విషయం అర్థమైపోయింది. అది మీ కుటుంబం హక్కు అయితే మీరే పెట్టండి, డ్రైవరుకి నేను చెప్పుకుంటాను అన్నారు. ఆయన పేరు వచ్చిన రోజు నుంచీ ఇంటి గోడ మీద కళ్ళు వేసి నేర్చుకుంటున్నాడని కూడా అన్నారు. అది ఆవిడ నన్ను ఆపడానికి అన్నారో, ఊరికే అన్నారో తెలియదు.

కుడికన్ను

పార్వతి పసుపునీళ్ళు తెచ్చింది. అప్పలసామి నిమ్మకాయ కోశాడు. పద్ధతి తప్పుతున్నానని తెలిసీ నేను సన్న బ్రష్షు తీసుకుని నిచ్చెనెక్కాను. సింహం ముఖం నా ముఖానికి బాగా దగ్గరగా ఉంది. కళ్ళుండాల్సిన చోట రెండు తెల్లటి ఖాళీలు.

కుడికన్ను పెట్టాను. మా నాన్న పెట్టినట్టే, పైరెప్ప బరువుగా, గుడ్డు మధ్యలో చిన్న వెలుగు చుక్క. గంభీరంగా వచ్చింది.

ఎడమకంటి దగ్గరికి బ్రష్షు తీసుకెళ్ళాను. ఎక్కడో ముక్కూ మొహం తెలియని మనిషి, బస్సు దిగి ఇంటికెళ్ళి, గోడ మీద కళ్ళు వేసుకుంటున్నాడు. వాడి మీద నాకు జాలి కలిగిందని రాస్తే బాగుంటుంది. కలగలేదు. వాడు నిలబడబోయే చోటు మీద, వాణ్ణి చూడబోయే జనం మీద, పళ్ళు కొరుక్కునేంత అసూయే కలిగింది. అయితే గోడంతా పాడుచేసుకుని నేర్చుకునేవాడి చేతిలోంచి బ్రష్షు లాక్కోవడం మాత్రం నాకు చేతకాలేదు. నిచ్చెన దిగిపోయాను.

"ఒక కన్నే?" అన్నారు మార్గరెట్ గారు. ఆ మాత్రం ఇంగ్లీషు నాకూ తెలుసు.

"ఇంకోటి ఆయనది," అన్నాను తెలుగులో. అప్పలసామి చెప్పనక్కర్లేకపోయింది.

ఇంటికొచ్చాక

విజయనగరం వచ్చి మళ్ళీ పెళ్ళిమండపాల పనిలో పడ్డాను. తిరునాళ్ళ అయిన మర్నాడు అప్పలసామి ఫోన్లో వీడియో పంపాడు. రాతిబ్యాంకు పక్కన, ఎండలో, నా సింహం గాలికి ఊగుతోంది. ఇనుప చొక్కాల జనం, ఉన్ని అంగీల ఆడవాళ్ళు, గుర్రాలు. బొద్దుగా, ఎర్రటి మెడతో ఉన్న మనిషి ఒకాయన నిచ్చెన ఎక్కుతున్నాడు. లావుపాటి వేళ్ళు. నిమ్మకాయ కోయడం చూస్తే ఉల్లిపాయ తరిగినట్టుంది. ఆయన కన్ను పెట్టాడు. కాస్త పైకి పోయింది. గుండ్రంగా, మరీ పెద్దదిగా వచ్చింది. వెలుగు చుక్క పెట్టడం మర్చిపోయాడు.

వీడియో మళ్ళీ మళ్ళీ చూశాను. నా కన్ను గుమ్మంలో నిలబడ్డ జమీందారులా ఎవరికో తీర్పు చెబుతున్నట్టు చూస్తోంది. ఆయన పెట్టిన కన్ను జనంలో తెలిసినవాళ్ళెవరో కనబడ్డట్టు విప్పారి చూస్తోంది. కింద ఉన్నవాళ్ళంతా ఆ కన్ను వైపుకే జరిగి నిలబడి, దానికే చేతులూపుతున్నారు.

సాయంత్రం అప్పలసామి ఫోను చేశాడు.

"ఏ కన్ను బాగుందంటావు అన్నియ్యా?"

"కుడిదే," అన్నాను, ఏ తడబాటూ లేకుండా.

మీకు మాత్రం నిజం చెబుతున్నాను. ఎడమదే బాగుంది.